అడుగులు చూసి వాయించేవాళ్ళు

గురువారం సాయంత్రం ఏడుంబావుకి హాల్లో ఇరవైమంది కూడా ఉండరు. ఒక పెద్దాయన డబ్బా చంకన పెట్టుకుని చెక్కనేల మీద పొడి చల్లుకుంటూ ఈ చివరి నుంచి ఆ చివరిదాకా నడుస్తాడు. చూస్తే మొక్కజొన్న రవ్వలా ఉంటుంది. మైనం పట్టించిన పొడి అది. బూటు నేలకి అతుక్కోకూడదు, అలాగని మరీ జారిపోకూడదు. ఎంత చల్లాలో ఆయన చేతికి తెలుసు. మా అమ్మ వాకిట్లో కళ్ళాపి చల్లేటప్పుడు కూడా చెయ్యి ఇలాగే తిరిగేది. ఎదురుగా వేదిక మీద ఆరుగురు. ఒకరు ఫిడేలు శ్రుతి చేసుకుంటుంటే, ఇంకొకరు పెడల్ స్టీల్ గిటారు ముందు కూర్చుని మోకాళ్ళ దగ్గరి మీటలు సరిచూసుకుంటుంటారు. వాళ్ళలో పగలు బడిలో పాఠాలు చెప్పే ఆయనున్నాడు, ఇళ్ళలో ఏసీలు బాగుచేసే ఆయనున్నాడు. ఎనిమిదింటికి పాట మొదలయ్యేసరికి నేల నిండుతుంది.

ఇది టెక్సస్ నడిబొడ్డున, ఆస్టిన్ నుంచి గంట ప్రయాణం కూడా లేని చిన్న ఊరు. ఉద్యోగాల మీద ఇటు వచ్చిన తెలుగు కుటుంబాలు చుట్టుపక్కల చాలానే ఉన్నాయి. మాదీ అందులో ఒకటి. ఆరేళ్ళుగా నేనూ మా ఆవిడా ఈ గురువారాలకి వెళ్తున్నాం. పోయిన నెల హాలు తలుపు దగ్గర ఒక కాగితం అంటించారు. ఇకమీదట నెలకి ఒక్క గురువారమే బ్యాండు, మిగతా వారాలు డీజే అన్న ఆలోచన ఉంది, వచ్చే నెలాఖరులోగా మీ అభిప్రాయం రాసి పెట్టెలో వేయండి, అని దాని సారాంశం.

చదవగానే కోపం వచ్చింది. ఇంటికొచ్చి ఆలోచిస్తే ఆ కోపంలో సగం అలవాటు పోతుందన్న బాధేనని తెలిసింది. హాలు నడిపేవాళ్ళు సంగీతం మీద ప్రేమ లేనివాళ్ళు కారు. వాళ్ళ దగ్గర లెక్కలున్నాయి, కారణాలున్నాయి. నా దగ్గర కూడా కారణాలున్నాయని నా నమ్మకం. రెండింటినీ ఒక తక్కెడలో పెట్టి చూడాలనిపించింది.

ముందు ఈ హాళ్ళు ఎలా పుట్టాయో చెప్పాలి. పంతొమ్మిదో శతాబ్దంలో జర్మన్, చెక్ రైతులు మధ్య టెక్సస్‌కి వచ్చి స్థిరపడ్డారు. పొలాలు దూరదూరంగా ఉండేవి. వారమంతా మనిషి ముఖం కనిపించని బతుకు. అందుకే గుడి, బడి కట్టుకున్నట్టే పాటల సంఘానికో, తుపాకీ గురి సంఘానికో, పరస్పర సహాయ సంఘానికో ఒక హాలు కట్టుకున్నారు. చెక్ వాళ్ళ ఎస్పీజేఎస్టీ అనే సంఘం 1897లో పుట్టింది. సభ్యులు చనిపోతే కుటుంబానికి బీమా సొమ్ము ఇచ్చేది, శనివారం డాన్సులూ పెట్టించేది. న్యూ బ్రౌన్‌ఫెల్స్‌లోని గ్రీన్ హాల్‌ని 1878లో కట్టారు. రేకు పైకప్పు, గాలి కోసం పైకెత్తే పక్క తలుపులు, వెనకగోడ దగ్గర వేదిక. టెక్సస్‌లో ఆగకుండా నడుస్తున్న అతి పాత డాన్స్ హాలు మాదే అని వాళ్ళు చెప్పుకుంటారు. అప్పట్లో ఇంటిల్లిపాదీ వచ్చేవాళ్ళు. పిల్లలకి నిద్రొస్తే గోడవారన బొంతలు పరిచి పడుకోబెట్టి పెద్దవాళ్ళు డాన్సు చేసేవాళ్ళు. తిరునాళ్ళలో రాత్రి నాటకం చూస్తూ చాపల మీద నిద్రపోయిన మనకి ఈ దృశ్యం కొత్తదేమీ కాదు.

ఈ నేల మీదే పోల్కా, వాల్ట్‌జ్ వచ్చి ఫిడేలు పాటల్లో కలిశాయి. అదే పోల్కా, అదే అకార్డియన్ దక్షిణ టెక్సస్‌లోని మెక్సికన్ సంతతివాళ్ళ చేతిలో కొంహుంతో సంగీతంగా మారింది. 1905లో టెక్సస్‌లో పుట్టిన బాబ్ విల్స్ 1930లలో ఫిడేలు పాటకి జాజ్ ఊపు, బాకాలు, డ్రమ్స్ కలిపాడు. కంట్రీ సంగీతానికి పెద్దపీట అనదగ్గ నాష్‌విల్‌లోని గ్రాండ్ ఓల్ ఆప్రీ వేదిక మీద డ్రమ్స్‌కి చోటు లేని రోజులవి. 1944లో అక్కడికి పిలిస్తే డ్రమ్స్ వెంటబెట్టుకునే వెళ్ళాడు. నాష్‌విల్‌లో ప్రేక్షకులు కుర్చీల్లో కూర్చుని వినేవాళ్ళు. టెక్సస్‌లో లేచి ఆడేవాళ్ళు. కూర్చున్నవాళ్ళకి డ్రమ్ లేకపోయినా ఫరవాలేదు, ఆడేవాళ్ళకి మాత్రం అది కావాలి. మా గురువారం బ్యాండు పుట్టుక ఈ తేడాలోనే ఉంది. వీళ్ళు వాయించేది పాదాల కోసం.

బ్యాండు తరఫున మొదటి మాట కూడా ఇదే. నేను కళ్ళారా చూసిన సంగతి చెబుతాను.

ఇక్కడ ఎక్కువగా ఆడేది టూ-స్టెప్. క్విక్, క్విక్, స్లో, స్లో: రెండు వేగం అడుగులు, రెండు నిదానం అడుగులు. జంటలన్నీ గడియారం ముల్లుకి ఎదురుదిశలో హాలు చుట్టూ తిరుగుతాయి. బాగా వచ్చినవాళ్ళు బయటి వరసలో, నేర్చుకునేవాళ్ళు లోపలి వరసలో. ఒక గురువారం ఒక కుర్ర జంట మొదటిసారి వచ్చింది. పాట మంచి ఊపులో ఉంది. ఆ అబ్బాయి రెండు నిదానం అడుగులనీ వేగంగా వేసేసి, ఆగి, మళ్ళీ మొదలుపెట్టి, వెనకవాళ్ళకి అడ్డొచ్చి సిగ్గుపడిపోతున్నాడు. పాడుతున్న ఆయన మైకు ముందు నుంచి వాళ్ళని చూశాడు. పాట మధ్యలో ఆపలేదు. పల్లవి అయిపోగానే పెడల్ స్టీల్ ఆయన వైపు తిరిగి తల ఊపాడు. స్టీల్ ఆయన ఒక సాగదీసిన స్వరంతో, మనం గమకం అంటామే అలాంటి జారుతో, పాటని ముగింపుకి తెచ్చాడు. వెంటనే మొదలైన పాట అదే అడుగు, కాకపోతే వేగం తక్కువ. ఆ అబ్బాయి అడుగు దానంతటదే తాళంలో పడింది. రెండు చుట్లు తిరిగేసరికి ఇద్దరూ నవ్వుతున్నారు. వాళ్ళ కోసమే పాట మారిందని వాళ్ళకి తెలియనే తెలియదు.

మన పెళ్ళిలో గట్టిమేళం గుర్తు చేసుకోండి. సన్నాయి ఆయన ఎంత తన్మయత్వంలో ఉన్నా ఒక కన్ను పురోహితుడి చేతి మీదే ఉంటుంది. ఆ చెయ్యి లేచిన క్షణాన డోలు ఉరుముతుంది. తాళి ముడి పడేదాకా ఆగదు, పడ్డాక ఒక్క క్షణం ఎక్కువ సాగదు. రెండేళ్ళ క్రితం డాలస్ వైపు ఒక పెళ్ళికి వెళ్ళాం. మేళం దొరక్క రికార్డు పెట్టారు. ఫోన్‌లో ఆ ఫైలు వెతుక్కునేలోపు మూడు ముళ్ళూ పడిపోయాయి. ఆ తర్వాత మోగింది గట్టిమేళం. రికార్డింగ్ గొప్పదే, వాయించింది మహా విద్వాంసులే. అయినా అక్కడున్న పెద్దవాళ్ళ ముఖాల్లో ఏదో వెలితి. ఆ సన్నాయికి ఆ పెళ్ళి కనిపించలేదు మరి.

బ్యాండు తరఫున రెండో మాట, ప్రతివారం అన్నదానిలో ఉన్న బలం. జార్జ్ స్ట్రెయిట్ పేరు కంట్రీ పాట వినేవాళ్ళందరికీ తెలుసు. ఆయన 1975లో శాన్ మార్కస్‌లో విద్యార్థిగా ఉన్నప్పుడు ఏస్ ఇన్ ద హోల్ అనే బ్యాండులో చేరి, ఆ ఊళ్ళోనే ఒక చిన్న హాల్లో మొదటి కచేరీ చేశాడు. తర్వాత గ్రీన్ హాల్ లాంటి చోట్ల మళ్ళీ మళ్ళీ వాయించాడు. పెద్ద కంపెనీ నుంచి మొదటి పాట వచ్చింది 1981లో. మధ్యలో ఆ ఆరేళ్ళూ ఆయనకి బడి ఈ నేలలే. ఏ పాటకి జనం లేస్తారు, ఏ పాటకి కూర్చుంటారు, వాల్ట్‌జ్ ఎప్పుడు పెడితే అలిసినవాళ్ళు సేదదీరుతారు అన్నది ఏ పుస్తకంలోనూ దొరకదు. వారం వారం వాయిస్తేనే వస్తుంది. నెలకోసారి వాయించే బ్యాండు కచేరీ చెయ్యగలదేమో గాని ఆ నేలని చదవడం మరిచిపోతుంది.

ఆడేవాళ్ళకీ అంతే. మా గురువారాల్లో డెబ్భై దాటిన ఒకావిడ ఉన్నారు. భర్త పోయి నాలుగేళ్ళు. ఇద్దరూ కలిసి వచ్చేవాళ్ళు. ఆయన పోయిన మూడో వారం ఒక్కరే వచ్చి గోడవారన కూర్చున్నారు. పాడే ఆయన విశ్రాంతి సమయంలో దిగి వచ్చి, ఆ దంపతులకి ఇష్టమైన వాల్ట్‌జ్ వాయించమంటారా, వద్దంటారా అని అడిగాడు. ఈ వారం వద్దు, వచ్చేవారం వాయించండి అన్నారావిడ. వచ్చేవారం అన్నది ఒకటుంది కాబట్టే ఆ మాట అనగలిగారు. పై గురువారం వాయించారు. ఆవిడ మా అందరిలోకీ వయసులో పెద్దాయనతో కలిసి ఆడారు.

పెద్ద వయసులో డాన్సు మంచిదనడానికి వైద్యుల మాట కూడా ఉంది. న్యూయార్క్‌లో 75 ఏళ్ళు దాటిన 469 మందిని ఏళ్ళ తరబడి గమనించిన పరిశోధన ఒకటి 2003లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చింది. మతిమరుపు జబ్బు ముప్పు తక్కువగా కనిపించిన వ్యాపకాల్లో చదవడం, బల్లమీద ఆడే ఆటలు, వాయిద్యం వాయించడం ఉన్నాయి. ఒంటికి సంబంధించిన వ్యాపకాల్లో మాత్రం డాన్సు ఒక్కటే నిలిచింది. డాన్సు వల్లే జబ్బు రాలేదని ఇది రుజువు చెయ్యదు. ఒంట్లో ఓపిక ఉన్నవాళ్ళే డాన్సుకి వెళ్తూ ఉండొచ్చు. పైగా డీజే పాటకి ఆడినా అది డాన్సే. కాబట్టి దీన్ని బ్యాండు పళ్ళెంలో పూర్తిగా వెయ్యకూడదు. వాయించేవాళ్ళకీ ఆడేవాళ్ళకీ ఇద్దరికీ మేలున్న చోటు ఇది అని మాత్రం అనొచ్చు.

ఇక రెండో పక్షం. దీన్ని తేలిగ్గా తీసిపారెయ్యడం అన్యాయం.

మొదటిది డబ్బు. ఊరికే లెక్క కోసం అనుకుందాం: టికెట్టు 10 డాలర్లు, వచ్చింది 80 మంది. 800 డాలర్లు. హాలు పైసా ఉంచుకోకుండా మొత్తం ఇచ్చేసినా ఆరుగురికి తలా 133. ట్రక్కులో సామాను వేసుకొచ్చి, బిగించి, నాలుగు గంటలు వాయించి, విప్పుకుని ఇంటికి చేరేసరికి ఎనిమిది గంటల పని. అందులోంచే పెట్రోలు, తీగలు. హాలుకి పన్నులు, బీమా, కరెంటు, పాటల హక్కుల సంఘాలకి కట్టే రుసుము వేరే. డీజే అయితే ఒక్క మనిషి, ఒక్క బల్ల. సంగీతాన్ని నమ్ముకున్న ఊరని పేరున్న ఆస్టిన్‌లోనే, తక్కువ ఆదాయమున్న సంగీతకారులకి వైద్యం అందించడానికి 2005లో ప్రత్యేకంగా ఒక సంస్థ పెట్టాల్సి వచ్చింది. దాన్నిబట్టే ఈ వృత్తి ఎంత సన్నటి గట్టు మీద నడుస్తోందో తెలుస్తుంది. బ్యాండు ఉండాలి ఉండాలి అని మేం గట్టిగా అంటున్నాం గాని, వాళ్ళకి సరిపడా ఇస్తున్నామా అన్న ప్రశ్న మా మీదే ఉంది.

రెండోది, కొత్తతరం. ఇప్పటి పిల్లలకి లైన్ డాన్సు ఇష్టం. 1992లో బిల్లీ రే సైరస్ పాట ఒకటి ఊరూరా మోగినప్పటి నుంచి ఈ మోజు మరీ పెరిగింది. అందరూ వరసల్లో నిలబడి ఒకే అడుగులు వేస్తారు. ఆ అడుగులు ఒక ఫలానా రికార్డుకి కొలిచి కట్టినవి. ఎక్కడ తిరగాలి, ఎక్కడ మడమ తట్టాలి అన్నది ఆ రికార్డులోని లెక్కే. బ్యాండు ఆ పాటని ఎంత బాగా వాయించినా మధ్యలో ఫిడేలు ఆయన నాలుగు ఆవృతాలు ఎక్కువ తీసుకున్నాడంటే నలభైమంది ఎటు తిరగాలో తెలియక నిలబడిపోతారు. వాళ్ళకి రికార్డు కావాలనడం సబబే.

ఇందులో ఇంకో సంగతి ఉంది. మొదట నాకది తట్టలేదు, మా ఆవిడ చెప్పింది. జంట డాన్సులో ఆడపిల్ల ఎవరో ఒకరు వచ్చి పిలిచేదాకా కూర్చోవాలి. ఇప్పుడు ఆడవాళ్ళే పిలవడం మామూలైంది, అయినా కూర్చుని ఎదురుచూసే ఇబ్బంది పూర్తిగా పోలేదు. పిలిచినవాడు నచ్చకపోతే కాదనడమూ ఇబ్బందే. లైన్ డాన్సులో ఎవరి అనుమతీ అక్కర్లేదు. ఒంటరిగా వచ్చి, వరసలో నిలబడి, తృప్తిగా ఆడి వెళ్ళొచ్చు. డీజే రాత్రులు కొంతమందికి స్వేచ్ఛ ఇస్తాయన్నది నిజం.

మూడోది, ఈ హాలు ఎవరిది అన్న ప్రశ్న. పాతరోజులు పాతరోజులు అని మురిసిపోయే ముందు, టెక్సస్‌లో చాలా హాళ్ళు చాలాకాలం తెల్లవాళ్ళకి మాత్రమే తలుపులు తెరిచాయని ఒప్పుకోవాలి. కంట్రీ సంగీతానికి గుర్తుగా చూపించే బాంజో వాద్యం మూలం ఆఫ్రికాది. గ్రాండ్ ఓల్ ఆప్రీలో తొలినాటి తారల్లో ఒకడైన హార్మోనికా విద్వాంసుడు డెఫోర్డ్ బెయిలీ నల్లజాతివాడు. 1941లో ఆయన్ని తీసేశారు. కంట్రీ మ్యూజిక్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో ఆయనకి చోటు దొరికింది 2005లో, పోయిన ఇరవై మూడేళ్ళ తర్వాత. హ్యూస్టన్‌లో పుట్టిన బియాన్సే 2024లో 'కౌబాయ్ కార్టర్' ఆల్బం తెచ్చినప్పుడు ఇది కంట్రీయేనా అని ఎంత వాదన జరిగిందో చూశాం. మరుసటి ఏడాది గ్రామీల్లో ఉత్తమ ఆల్బం అదే. మా బ్యాండు వాయించే పాటల జాబితా ఎక్కువగా 1950ల నుంచి 1980ల మధ్యది. అందులో తమని చూసుకోలేనివాళ్ళు ఊళ్ళో ఉన్నారు. డీజే అయితే టెక్సస్ మెక్సికన్ల తెహానో పాట ఒకటి, ఒక కొత్త పాట, ఒక పాత పాట కలిపి వేస్తాడు, అందరూ వస్తారు అని హాలువాళ్ళ వాదన. ఆరేళ్ళ క్రితం మేం మొదటిసారి ఆ తలుపు దగ్గర నిలబడి లోపలికి వెళ్దామా వద్దా అని సందేహించిన క్షణం నాకు బాగా గుర్తుంది. కాబట్టి ఈ వాదన నన్ను తాకింది.

నాలుగోది చప్పుడు. హాలు చుట్టూ కొత్త ఇళ్ళు వచ్చాయి. ఆస్టిన్‌లో 1964లో జేమ్స్ వైట్ బ్రోకెన్ స్పోక్ అనే డాన్స్ హాలు తెరిచినప్పుడు అది ఊరి చివర. ఇప్పుడు దాని రెండు పక్కలా అపార్ట్‌మెంట్లు. చాలా హాళ్ళ కథ ఇదే. ఆస్ట్రేలియాలోని విక్టోరియా రాష్ట్రం 2014లో ఒక నియమం తెచ్చింది. ముందు నుంచి సంగీతం నడుస్తున్న చోటు పక్కన కొత్తగా ఇళ్ళు కడితే, చప్పుడు లోపలికి రాకుండా చూసుకోవాల్సింది కొత్తగా కట్టేవాళ్ళే అని. అది న్యాయమనే అనిపిస్తుంది. కాని నియమం ఏం చెప్పినా, పొద్దున్నే ఐదింటికి డ్యూటీకి వెళ్ళాల్సిన నర్సుకి రాత్రి పదకొండుకి డ్రమ్ చప్పుడు చప్పుడే. డీజే చప్పుడు మీట తిప్పితే తగ్గుతుంది. డ్రమ్‌కి మీట లేదు.

ఇవన్నీ ఒకవైపు, అవన్నీ ఒకవైపు. ఇక్కడ మన ఊళ్ళ అనుభవం నుంచి ఒక మాట చెప్పాలి. అది నాకు ఇష్టంలేని మాటే.

మన దగ్గర డీజే వచ్చి బ్యాండ్ మేళాన్నీ, చాలాచోట్ల సన్నాయినీ వెనక్కి నెట్టింది. వినాయకుడి ఊరేగింపులో గుండె అదిరే పెట్టెల ముందు నిలబడి, ఆ రోజుల్లో మేళం ఉండేది అని నిట్టూరుస్తాం. ఆ రోజుల్లో మేళగాళ్ళని ఎక్కడ కూర్చోబెట్టామో కూడా గుర్తు చేసుకోవాలి కదా. మా చిన్నాన్న పెళ్ళిలో సన్నాయి ఆయన తెల్లవారుజాము నుంచి వాయించి, అందరి భోజనాలూ అయ్యాక పెరట్లో విస్తరి ముందు కూర్చోవడం నేను చూశాను. డప్పు లేకుండా ఊళ్ళో ఏ వేడుకా మొదలయ్యేది కాదు, డప్పు కొట్టేవాళ్ళని మాత్రం గడప తొక్కనిచ్చేవాళ్ళు కాదు. కులం ఒక చేతికి వాద్యం ఇచ్చి, ఆ చేతినే అంటరానిదంది. వాళ్ళ పిల్లలు చదువుకుని వేరే పనుల్లోకి వెళ్ళారంటే, మేళం అంతరించిందని వాళ్ళ మీద నింద వెయ్యడానికి మనకి నోరెక్కడిది?

ఇక్కడి కథా అక్కడి కథా ఒకటి కావు. కాని రెండు చోట్లా తేలే సూత్రం ఒకటుంది. ఎదుట వాయించే సంగీతం గొప్పదనేవాళ్ళు, వాయించేవాళ్ళని ఎలా చూసుకున్నారన్న దగ్గరే ఆ మాట నిలుస్తుందో లేదో తేలుతుంది. బ్యాండు కావాలంటే దానికి తగ్గ ఖరీదు కట్టాలి. ఆ ఖరీదు మర్యాదలో కూడా, డబ్బులో కూడా.

ఇంత తూచాక నా మొగ్గు ఎటో చెప్పాలి. ప్రతి గురువారం బ్యాండే ఉండాలి. నన్ను అటు మొగ్గించింది పాతదనం మీద మమకారం కాదు, పోయినదాన్ని తిరిగి తెచ్చుకునే వీలులో ఉన్న తేడా. డీజే రాత్రిని ఎప్పుడు కావాలంటే అప్పుడు మొదలుపెట్టొచ్చు. ఇవాళ వద్దనుకుంటే వచ్చే ఏడాది పెట్టుకోవచ్చు. వారం వారం కలిసి వాయించే ఆరుగురిని ఒకసారి చెదరగొడితే మళ్ళీ కూర్చలేం. ఏసీలు బాగుచేసే ఆయన గురువారం సాయంత్రం ఇంకో పని ఒప్పుకుంటాడు. స్టీల్ ఆయన వాద్యాన్ని అటక మీద పెట్టేస్తాడు. నెలకోసారి అన్నది రాజీలా కనిపిస్తుంది. నిజానికి అందులో బ్యాండుకి సాధన పోతుంది, జనానికి అలవాటు పోతుంది. ఏడాది తిరిగేసరికి ఆ ఒక్క గురువారానికీ జనం రావడంలేదన్న లెక్క తేలుతుంది. అప్పుడు ఆపెయ్యడం ఎవరి నిర్ణయమూ కానట్టు, దానంతటదే జరిగినట్టు ఉంటుంది.

అయితే ఇప్పుడున్నది ఉన్నట్టుగా ఉండాలని నేను అనను. రెండో పక్షం చెప్పినవన్నీ నిజమైనప్పుడు వాటికి జవాబు ఇవ్వాల్సిన బాధ్యత బ్యాండు కోరుకునేవాళ్ళదే. టికెట్టు 10 నుంచి 15 డాలర్లు చెయ్యాలి. పెంచిన 5 డాలర్లు నేరుగా బ్యాండుకి వెళ్ళాలి, ఆ సంగతి తలుపు దగ్గరే రాసి ఉండాలి. కట్టలేనివాళ్ళకి పాత ధరే ఉండాలి. బ్యాండు విశ్రాంతి తీసుకునే రెండు విరామాల్లో ఎవరో ఒకరు రికార్డులు వేస్తే లైన్ డాన్సువాళ్ళు తమ అడుగులు తాము ఆడుకోవచ్చు. ఒకేచోట రెండు తరాలూ ఒకరినొకరు చూసుకోవడం విడివిడి రాత్రుల కంటే నయం. ఏడింటి నుంచి ఎనిమిదిదాకా ఉచితంగా టూ-స్టెప్ నేర్పాలి, ఎవరు ఎవరితో ఆడాలన్నది అక్కడ జంటలు మార్చి మార్చి అలవాటు చెయ్యాలి. పది దాటాక డ్రమ్ ఆయన బ్రష్షులతో వాయించాలి, పదిన్నరకి ముగించాలి. బ్యాండు కూడా తన పాటల జాబితా తెరవాలి. ఊళ్ళో అకార్డియన్ వాయించే మెక్సికన్ కుటుంబాలున్నాయి. నెలకొక గురువారం ఒక పావుగంట వాళ్ళని వేదిక మీదికి పిలవడం ఏమంత కష్టం? పోల్కా ఇద్దరిదీ కదా.

ఇన్ని చేశాక కూడా ఒక ఏడాదిపాటు నేల ఖాళీగానే ఉంటే? అప్పుడు హాలువాళ్ళు చెప్పిన మాటే ఒప్పుకోవాలి. జనం లేని చోట బ్యాండుని దయతో నిలబెట్టడం వాయించేవాళ్ళకీ గౌరవం కాదు. ఈ షరతు కూడా నేను మనస్ఫూర్తిగానే రాస్తున్నాను.

నిన్న ఇవన్నీ ఒక పేజీలో రాసి పెట్టెలో వేశాను. ఆఖరి వాల్ట్‌జ్ అయ్యాక పాడే ఆయన దగ్గరికి వెళ్ళి, పదింటి తర్వాత బ్రష్షులు, పదిన్నరకి ముగింపు అని రాశాను, మీకు సమ్మతమేనా అని అడిగాను. ఆయన డ్రమ్ ఆయన వైపు చూశాడు. ఆయన కర్రలు సంచిలో వేసుకుంటూ, 'జనం నేల మీద ఉంటే చాలు, దేనితో అయినా వాయిస్తాను' అన్నాడు. వచ్చే గురువారం మా వీధిలోకి కొత్తగా వచ్చిన గుంటూరు దంపతుల్ని తీసుకెళ్తున్నాం. ఇద్దరికీ అడుగు రాదు. లోపలి వరసలో చోటుంటుందనీ, పైనున్నవాళ్ళు చూసుకుని వాయిస్తారనీ చెప్పాను.